ఉప్పునీటి ట్యాంకులో నీళ్లు ఎంత జోరుగా తిరగాలి? ఎందుకు? ఎలా?

“నాలుగడుగుల ట్యాంకు పెట్టాం. ఒక జత క్లౌన్ చేపలు, ఒక ఎనిమోనీ, కాసిని సాఫ్ట్ కోరల్స్ (మెత్తటి పగడాలు) ఉన్నాయి. వేవ్‌మేకర్ ఎన్ని లీటర్లది కొనాలి? షాపులో ఒకాయన 3000 చాలన్నారు. ఇంకొకాయన 10,000కి తగ్గితే పగడాలు బతకవన్నారు. ఎవరి మాట వినాలి?”

ఉప్పునీటి అక్వేరియం కొత్తగా మొదలుపెట్టినవాళ్లు లైట్ల తర్వాత ఎక్కువగా తికమకపడేది ఇక్కడే. ముందు సూటిగా జవాబు చెప్పేస్తాను. ఈ ట్యాంకుకి గంటకి 2000 నుంచి 3000 లీటర్ల వేవ్‌మేకర్లు (ట్యాంకులో నీటిని తిప్పే పంపులు) రెండు తీసుకోండి. మూతి వెడల్పుగా ఉండాలి, వేగం తగ్గించి పెంచుకునే కంట్రోలర్ ఉంటే మరీ మంచిది. ఒక్క పెద్దదాని కన్నా రెండు చిన్నవి మేలు. ఎందుకో తెలిస్తే రేపు ట్యాంకు మారినా, అందులోని ప్రాణులు మారినా లెక్క మీరే వేసుకోగలుగుతారు. అందుకే కాస్త ఓపిగ్గా మొదటి నుంచి చూద్దాం.

అసలు నీరు కదలడం దేనికి?

చేప తనకి కావలసినది వెతుక్కుంటూ వెళ్తుంది. మొప్పల మీదుగా నీటిని తనే తోసుకుంటుంది. పగడానికి ఆ వీల్లేదు. స్థిరపడ్డ రాయి మీదే దాని బతుకంతా. ఊపిరికి ఆక్సిజన్, తినడానికి తిండి, రాతి పగడమైతే ఒళ్లు కట్టుకోవడానికి కాల్షియం, అన్నీ నీరే మోసుకురావాలి. ఒంట్లోంచి వచ్చే వ్యర్థాలు, జిగురు, మీద పడ్డ మడ్డి అన్నీ నీరే పట్టుకుపోవాలి.

అయితే నీరు ఎంత జోరుగా పారుతున్నా, దేన్ని ఆనుకుని పారుతోందో దాని ఒంటికి అంటుకున్న పలచటి పొర మాత్రం దాదాపు కదలదు. జర్మన్ శాస్త్రవేత్త లుడ్విగ్ ప్రాంట్ల్ 1904లో హైడెల్‌బర్గ్‌లో జరిగిన గణితశాస్త్రవేత్తల మహాసభలో ఈ సంగతి వివరించాడు. విమానాల రెక్కల లెక్కలకి ఆ తర్వాత అదో ముఖ్యమైన ఆధారమైంది. ఎండాకాలం చెమటలు కారుతూ ఫ్యాను కింద కూర్చుంటే హాయిగా ఉంటుంది కదా. ఫ్యాను గదిలో గాలిని చల్లబరచదు. ఒంటిని పట్టుకుని ఉన్న వేడి, తేమ పొరని తోసేసి కొత్త గాలి తెస్తుంది, అంతే. పగడానికి వేవ్‌మేకర్ చేసే మేలు కూడా సరిగ్గా అదే.

ఆ నిలవ పొరని దాటి ఆక్సిజన్ లోపలికి రావాలంటే దాన్ని మోసుకొచ్చే ప్రవాహం ఉండదు. అణువులు తమంతట తాము మెల్లగా వ్యాపించుకుంటూ రావలసిందే. నీటిలో ఆక్సిజన్ ఒక మిల్లీమీటరు దూరం అలా వ్యాపించడానికి సుమారు 4 నిమిషాలు పడుతుంది. అదే దూరం 0.1 మిల్లీమీటరు అయితే రెండున్నర సెకన్లు చాలు. పొర మందం పదో వంతుకి తగ్గితే పట్టే సమయం వందో వంతుకి పడిపోతుంది. కంటికి కనపడనంత చిన్న మందం, కానీ పగడానికి ఊపిరాడడం, ఆడకపోవడం దాని మీదే ఆధారపడి ఉంది. నీటి వేగం పెరిగేకొద్దీ ఆ పొర పలచబడుతుంది.

చాలామంది ఇక్కడిదాకా వచ్చి ఆగిపోతారు. “ఓహో, ఆక్సిజన్ అందడానికన్నమాట” అనుకుంటారు. అది సగమే నిజం. పగలు పగడానికి ఉండే ఇబ్బంది ఆక్సిజన్ తక్కువై కాదు, ఎక్కువై. పగడం ఒంట్లో సూక్ష్మమైన శైవలాలు కాపురం ఉంటాయి. లైటు పడగానే అవి కిరణజన్య సంయోగక్రియ మొదలుపెడతాయి, ఆక్సిజన్ పుడుతూనే ఉంటుంది. నిలవ పొర మందంగా ఉంటే అది బయటికి పోలేక అక్కడే పేరుకుంటుంది. కార్బన్ డయాక్సైడ్‌ని పట్టుకోవలసిన ఎంజైము పొరపాటున ఆక్సిజన్‌ని పట్టుకోవడం ఎక్కువవుతుంది, తిండి తయారీ మందగిస్తుంది. ఇజ్రాయెల్‌కి చెందిన నదవ్ షషార్ బృందం 1993లో సన్నటి ఎలక్ట్రోడ్లతో పగడం ఒంటి మీదే కొలిచి చూసింది. పగలు అక్కడ ఆక్సిజన్ మామూలు నీటిలో కన్నా బాగా పెరిగిపోతోంది, రాత్రి అడుగంటిపోతోంది. 2010లో తాలి మాస్, అమాత్సియా జెనిన్ బృందం ఇంకో అడుగు వేసింది. నీటి కదలిక వల్ల కిరణజన్య సంయోగక్రియ పెరగడానికి ముఖ్య కారణం ఆక్సిజన్ బయటికి పోవడమేనని తేల్చింది.

మన ట్యాంకుల్లో పెరిగే జీనియా అనే సాఫ్ట్ కోరల్‌ని ఓసారి దగ్గరగా చూడండి. పూరేకుల్లాంటి ఎనిమిదేసి చేతులు ఒక్కసారిగా దగ్గరకి ముడుచుకుని మళ్లీ విచ్చుకుంటాయి, మళ్లీ ముడుచుకుంటాయి, రాత్రీ పగలూ. తిండి పట్టుకోవడానికేమో అనుకుంటాం. ఆ చేతులకి తిండి చిక్కడం చాలా అరుదు. ఎర్రసముద్రంలో ఆ కుటుంబానికే చెందిన పగడాన్ని పరిశీలించి 2013లో ప్రచురించిన పరిశోధన చెప్పినదేమిటంటే, ఆ ఆడింపు వల్ల పేరుకున్న ఆక్సిజన్ కొట్టుకుపోయి కిరణజన్య సంయోగక్రియ ఎన్నో రెట్లు పెరుగుతోంది. తన వేవ్‌మేకర్ తనే నడుపుకునే ప్రాణి అది. ఒంట్లో శక్తి ఖర్చుపెట్టి మరీ ఆ పని చేస్తోందంటే నీటి కదలిక పగడానికి ఎంత అవసరమో మనకి అర్థం కావాలి.

1998లో సముద్రాలు వేడెక్కి ప్రపంచమంతటా పగడాలు తెల్లబడి చనిపోయాయి. జపాన్‌లో నకమురా, వాన్ వూసిక్ అనే పరిశోధకులు గమనించారు, నీరు జోరుగా తిరిగేచోట ఉన్న పగడాలు ఎక్కువగా నిలిచాయి, నిలవ నీటిలోనివి ఎక్కువగా పోయాయి. మన ఎండాకాలాల్లో బాగా గుర్తుండవలసిన సంగతి ఇది. లైటు ఎక్కువైనా, వేడి పెరిగినా పగడం తట్టుకోవాలంటే ముందు నీటి కదలిక బాగుండాలి.

మరి ‘20 రెట్లు, 40 రెట్లు’ అనే లెక్క సంగతేమిటి?

ట్యాంకులో ఉన్న నీటికి ఎన్ని రెట్లు నీటిని గంటలో పంపు తిప్పుతుందో చెప్పే లెక్క ఇది. చేపలు, సాఫ్ట్ కోరల్స్ ఉంటే 10 నుంచి 20 రెట్లు, పెద్ద పాలిప్పుల (పాలిప్పు అంటే పగడంలోని ఒక్కో చిన్న జీవి) రాతి పగడాలకి 20 నుంచి 30, చిన్న పాలిప్పుల కొమ్మ పగడాలకి 40, 60, ఆ పైన అని చెబుతుంటారు. పంపు కొనేటప్పుడు అంచనాకి పనికొస్తుంది. అంతకు మించి దాన్ని నమ్మకూడదని నా గట్టి అభిప్రాయం. ఎందుకో చూడండి.

4 అడుగుల పొడవు, ఒకటిన్నర అడుగుల వెడల్పు, ఒకటిన్నర ఎత్తు ఉన్న ట్యాంకులో అంచుదాకా పోస్తే 255 లీటర్లు పడతాయి. రాళ్లు, ఇసుక, పైన వదిలిన ఖాళీ తీసేస్తే ఉన్న నీరు 200 లీటర్లు అనుకుందాం. 20 రెట్లంటే గంటకి 4000 లీటర్లు. అంటే ట్యాంకు నీరంతా 3 నిమిషాలకోసారి తిరుగుతోంది. ఆ నీరంతా ఒక్క వరసగా ఈ చివర నుంచి ఆ చివరకి కదిలిందనుకోండి. 122 సెంటీమీటర్ల దూరం 180 సెకన్లలో. సెకనుకి 7 మిల్లీమీటర్లు కూడా లేదు! సముద్రంలో పగడపు దిబ్బ మీద, ప్రశాంతంగా ఉండే లోపలి మడుగుల్లోనే సెకనుకి కొన్ని సెంటీమీటర్ల వేగం ఉంటుంది. అలలు విరిగే బయటి అంచున అర మీటరు దాటడం మామూలే. లెక్క ప్రకారం చూస్తే 20 రెట్లు ఏ మూలకీ రాకూడదు. అయినా ఆ ట్యాంకుల్లో పగడాలు చక్కగా పెరుగుతున్నాయి.

కారణం ఏమిటంటే, పంపు మూతిలోంచి వచ్చిన ధార ఒంటరిగా పోదు. పక్కనున్న నిలవ నీటిని కూడా లాక్కుంటూ పోతుంది. అవతలి అద్దానికి తగిలి తిరిగొస్తుంది, రాళ్ల మధ్య సుడులు తిరుగుతుంది. పంపులోంచి నిజంగా వెళ్లే నీటి కన్నా ట్యాంకులో కదిలే నీరు ఎన్నో రెట్లు ఎక్కువ. ఎంత ఎక్కువ అనేది పెట్టె మీది అంకె చెప్పదు, మూతి వెడల్పు, పంపు పెట్టిన చోటు, రాళ్ల అమరిక చెబుతాయి.

మూతి విషయమే తీసుకోండి. గంటకి 3000 లీటర్ల పంపు. మూతి 2 సెంటీమీటర్ల వ్యాసం ఉంటే నీరు సెకనుకి 2.6 మీటర్ల వేగంతో బయటికి దూకుతుంది. దగ్గరలో ఏ పగడమున్నా చర్మం ఊడిపోతుంది. అదే 3000 లీటర్లు 5 సెంటీమీటర్ల మూతిలోంచి వస్తే వేగం సెకనుకి 42 సెంటీమీటర్లు. రెండింటి పెట్టెల మీదా ఒకటే అంకె! పాతకాలపు పవర్‌హెడ్లు మొదటి రకం. ఇప్పుడొచ్చే ప్రొపెల్లర్ వేవ్‌మేకర్లు రెండో రకం. కొనేటప్పుడు లీటర్ల కన్నా ముందు మూతి చూడమని నేను చెప్పేది అందుకే. ధార కొంత దూరం పోయాక దాని వేగం దూరంతోపాటు తగ్గుతూ వస్తుంది. దూరం రెట్టింపైతే వేగం సుమారు సగమవుతుంది. పగడాన్ని ఒక జానెడు అవతలికి జరపడం, ఇంకో పంపు కొనడం కన్నా చాలాసార్లు ఎక్కువ ఫలితమిస్తుంది.

ట్యాంకు కింద ఉండే రెండో తొట్టిలోంచి, అంటే సంప్‌లోంచి, నీటిని పైకి తోసే రిటర్న్ పంపుని ఈ లెక్కలో కలపకండి. దాని పని నీటిని మురికిని నురగగా తీసే స్కిమ్మర్‌కి, హీటర్‌కి, చల్లబరిచే చిల్లర్‌కి చూపించి తీసుకురావడం. గంటకి ట్యాంకుకి 3 నుంచి 5 రెట్లు వస్తే చాలు. స్కిమ్మర్ తన శక్తికి తగ్గట్టే శుభ్రం చేస్తుంది కాబట్టి అంతకన్నా తోస్తే శబ్దం, బుడగలు, కరెంటు బిల్లు తప్ప మిగిలేదేమీ లేదు. ఒక్క జాగ్రత్త. పెట్టె మీది అంకె నీటిని ఎత్తకుండా తిప్పినప్పటిది. 2000 లీటర్లు, గరిష్ట ఎత్తు 2 మీటర్లు అని రాసి ఉన్న పంపు, స్టాండు కింద నుంచి 1.2 మీటర్ల ఎత్తుకి తోసేసరికి అందులో సుమారు సగమే ఇస్తుంది.

మన ట్యాంకులో వేగం ఎంతుందో తెలిసేదెలా?

కొలవడం చాలా తేలిక. సైంటిస్టులు ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్ దిమ్మలు సముద్రంలో కట్టి, ఎంత కరిగిందో తూచి కదలికని లెక్కగట్టేవారు. హవాయి విశ్వవిద్యాలయానికి చెందిన మ్యాక్స్‌వెల్ డోటీ 1971లో ఈ పద్ధతి గురించి రాశారు. మనకి అంత అక్కర్లేదు. ముందు అద్దం మీద 20 సెంటీమీటర్ల దూరంలో రెండు టేపు ముక్కలు అంటించండి. సూది లేని సిరంజిలోకి చేపలకి మేతగా వేసే ఫ్రోజెన్ ఆర్టీమియా కరిగిన నీళ్లు కాస్త తీసుకుని, మీరు చూడదలచుకున్న పగడం పక్కన, అద్దం దగ్గర కాకుండా పగడం ఉన్న చోటే, మెల్లగా వదలండి. ఫోనులో స్లో మోషన్ వీడియో తీయండి. ఒక రేణువు ఒక టేపు దాటి ఇంకో టేపు దాకా 4 సెకన్లలో పోయిందంటే వేగం సెకనుకి 5 సెంటీమీటర్లు. ఒక్క రేణువుతో తేల్చకుండా నాలుగైదు చూసి సగటు తీయండి.

వీడియోలో అంకె కన్నా విలువైనవి ఇంకొన్ని కనపడతాయి. రేణువులు ఒకే దారిన బాణంలా పోతున్నాయా, సుడులు తిరుగుతున్నాయా? ఏ రాయి వెనక చేరి అక్కడే గిరగిరా తిరుగుతున్నాయి? ఏ మూలకి వెళ్లి నేలమీద కూలబడుతున్నాయి? ఆ కూలబడే చోటే మూడు వారాల తర్వాత ఎర్రటి జిగట నాచు పరుచుకుంటుంది. దాన్ని ఎన్నిసార్లు తీసినా అక్కడే వస్తుంటే మందులు పొయ్యకముందు నీటి దారి మార్చి చూడండి.

ఏ ప్రాణికి ఎంత?

నా అనుభవంలో ఈ కింది అంచనాలు సరిపోతాయి. ఇవి శాసనాలు కావు. మష్రూమ్ పగడాలకి సెకనుకి 2 నుంచి 5 సెంటీమీటర్లు చాలు. వాటి పలచటి అంచు గాలికి రెపరెపలాడినట్టు ఎగిరి ముడుచుకుంటోందంటే ఎక్కువైనట్టే. జోయాంథిడ్లకి 5 నుంచి 10. లెదర్ కోరల్‌కి ఇంకొంచెం. కొమ్మల రాతి పగడాలకి 15, 20 దాటినా ఇష్టమే.

లెదర్ కోరల్ గురించి విడిగా చెప్పాలి. కొన్నాళ్లకోసారి అది ముడుచుకుపోయి, పాలిప్పులన్నీ లోపలికి లాక్కుని, మైనం పూసినట్టు మెరుస్తూ రోజుల తరబడి అలాగే ఉంటుంది. కొత్తవాళ్లు చచ్చిపోయిందని పారేస్తారు. అది పైపొర విడుస్తోంది. నీటి జోరు బాగుంటే ఆ పొర చిరిగి, ముక్కలుగా కొట్టుకుపోయి, కింద నుంచి లేత పాలిప్పులు మళ్లీ విచ్చుకుంటాయి. నీరు నిదానంగా ఉన్న మూలలో పెడితే పొర ఊడక, దాని మీద నాచు పట్టి, కింద కుళ్లడం మొదలవుతుంది. అటువంటప్పుడు లెదర్ కోరల్‌ని వేవ్‌మేకర్ ఎదురుగా ఒక మూర దూరానికి జరిపితే చాలు.

ఎనిమోనీది ఇంకో కథ. దానికి నచ్చకపోతే అది నడిచి వెళ్లిపోతుంది. ఒక్క రాత్రిలో ట్యాంకు ఈ చివర నుంచి ఆ చివరకి పోయి వేవ్‌మేకర్ జాలిలో చిక్కుకున్న ఎనిమోనీలు ఎన్నో. ఉదయం లేచేసరికి నీరంతా తెల్లటి పీలికలు, మిగతా ప్రాణులకీ ప్రమాదం. ఎనిమోనీ ఉన్న ట్యాంకులో ప్రతి వేవ్‌మేకర్‌కీ సన్న జాలి గానీ స్పాంజి తొడుగు గానీ తప్పనిసరి. తొడుగు వేస్తే నీటి జోరు కొంత తగ్గుతుంది, తగ్గనివ్వండి. ఎనిమోనీ కొత్తగా వేసిన మొదటి రోజుల్లో పంపుల దిశ మార్చకండి. దానికి కుదిరిన చోటు దొరికాక పాదం రాతి సందులో బిగించి అక్కడే ఉంటుంది.

చేపల విషయంలో గుర్తుపెట్టుకోవలసింది ఒకటే. ట్యాంగ్ చేపలు ఎదురీత ఇష్టంగా ఈదుతాయి. మాండరిన్ లాంటివి నెమ్మదిగా రాళ్ల మధ్య తిరుగుతాయి. ఏ చేపకైనా విశ్రాంతి తీసుకోవడానికి నిదానమైన చోటు ఒకటి ఉండాలి. చేపలన్నీ ఎప్పుడు చూసినా ఒకే రాయి వెనక గుంపుగా ఉంటే జోరు తగ్గించండి.

షాపులో ఆ రెండో ఆయన చెప్పిన 10,000 లీటర్ల సంగతికి వద్దాం. 50, 60 రెట్ల లెక్కలు అమెరికాలోను, జర్మనీలోను కొమ్మల రాతి పగడాలు పెంచేవాళ్ల ట్యాంకుల నుంచి వచ్చాయి. మన దేశంలో రాతి పగడాలకి 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలు రక్షణ ఉంది. మన్నార్ సింధుశాఖలో, అండమాన్‌లో, లక్షద్వీప్‌లో, కచ్ సింధుశాఖలో వాటిని ఏరడం, అమ్మడం నేరం. ఎవరైనా చవగ్గా ఇస్తానన్నా కొనకండి, ఆ దిబ్బలకి ఉన్న కష్టాలు ఇప్పటికే చాలు. సాఫ్ట్ కోరల్స్, క్లౌన్ చేపలు ఉండే ట్యాంకుకి 60 రెట్ల లెక్క ఎవరు చెప్పినా పట్టించుకోనక్కర్లేదు. 20 నుంచి 30 రెట్లకి సరిపడే పంపులు పెట్టుకుని, మూడొంతుల వేగంతో నడుపుకుంటే అవసరమైనప్పుడు పెంచుకునే వీలుంటుంది.

ఎక్కడ పెట్టాలి? ఎలా తిప్పాలి?

ఒకే వైపు నుంచి ఎప్పుడూ ఒకే ధార తగిలితే పగడం ఒక పక్క బాగుండి ఇంకో పక్క మడ్డి పట్టి ఉంటుంది. సముద్రంలో అల వస్తుంది, వెనక్కి పోతుంది, నీరు ముందుకీ వెనక్కీ ఊగుతుంది. అందుకే రెండు చిన్న పంపులు మేలన్నాను. రెండు పొట్టి పక్కల అద్దాలకి, పైనుంచి మూడో వంతు లోతులో, ఒకటి కాస్త ముందు అద్దం వైపు, ఇంకోటి వెనక అద్దం వైపు వాలేట్టు పెట్టండి. రెండు ధారలు మధ్యలో ఢీకొని సుడులుగా చెదరాలి. కంట్రోలర్ ఉంటే కొన్ని నిమిషాలకోసారి ఒకటి పెరిగి ఇంకోటి తగ్గేలా అమర్చుకోవచ్చు.

అన్నిటికన్నా ముందు రాళ్లు. వెనక అద్దానికి ఆనించి గోడలా పేర్చిన రాళ్ల వెనక నీరు చచ్చిపోతుంది. ఎన్ని పంపులు పెట్టినా అక్కడ మడ్డి చేరుతూనే ఉంటుంది. వెనక చెయ్యి దూరేంత సందు వదలండి, కింద వంతెనల్లా ఖాళీలు వదలండి. ట్యాంకులో నీళ్లు పొయ్యకముందు అరగంట దీని మీద పెడితే తర్వాత ఏళ్ల తరబడి తిప్పలు తప్పుతాయి.

ఇసుక ఎగురుతోందంటే పంపు మరీ కిందకి ఉందని అర్థం, లేదా ఇసుక మరీ మెత్తనిది. ఒకటి రెండు మిల్లీమీటర్ల గింజ ఉన్న ఇసుక అంత త్వరగా లేవదు.

కొన్ని కంట్రోలర్లలో ‘వేవ్’ మోడ్ ఉంటుంది. ట్యాంకు పొడవుకి తగిన తాళంలో పంపు ఆగి నడిస్తే నీరంతా ఉయ్యాలలా ఊగుతుంది. నాలుగడుగుల ట్యాంకులో ఆ ఊపు సుమారు 1.4 సెకన్లకోసారి వస్తుంది. చూడడానికి అద్భుతంగా ఉంటుంది, పగడాలకి కూడా మంచిదే. కానీ 200 కిలోల నీరు సెకనుకోసారి ఈ పక్కకీ ఆ పక్కకీ బరువు మారుస్తుంటే ఆ దెబ్బ అద్దాల అతుకుల మీద, స్టాండు మీద పడుతుంది. ఊపు ఎత్తు ఒక సెంటీమీటరు దాటనివ్వకండి. స్టాండు ఏ కాస్త కదిలినా ఆ మోడ్ వాడకండి.

నీటి పైభాగం ఎందుకు కదలాలి?

గాలిలోని ఆక్సిజన్ ట్యాంకులోకి వచ్చేది పైనుంచే. వేవ్‌మేకర్ లోపలున్న నీటిని మాత్రమే తిప్పి, పైన నూనె తెట్టు కట్టి నిశ్చలంగా ఉంటే లోపల ఊపిరాడదు. మూతి కొద్దిగా పైకి వాలి, పైనీరు వణుకుతున్నట్టు కదలాలి, తుంపర్లు లేవకూడదు. తుంపర్లు ఎగిరితే లైట్లకీ గోడలకీ ఉప్పు పడుతుంది.

ఉప్పునీటికి అసలే ఆక్సిజన్ పట్టే శక్తి తక్కువ. 25 డిగ్రీల దగ్గర మంచినీటిలో లీటరుకి 8.2 మిల్లీగ్రాములు పడితే సముద్రపు నీటిలో 6.7 దగ్గర పడుతుంది. నీరు 30 డిగ్రీలకి చేరితే అది 6.2కి దిగుతుంది. అదే వేడికి చేపల ఊపిరి అవసరం పెరుగుతుంది. రాత్రిపూట పగడాలూ నాచూ కూడా ఆక్సిజన్ తీసుకునేవే. “రాత్రి పడుకుంటాయి కదా” అని వేవ్‌మేకర్లు ఆపేసేవాళ్లకి నేను గట్టిగా చెప్పేది, ఆపకండి. కావాలంటే కొంత తగ్గించండి, పైనీరు మాత్రం తెల్లారేదాకా కదులుతూనే ఉండాలి.

ఏసీ గదిలో ట్యాంకు పెట్టినవాళ్లకి ఇంకో సంగతి. పైనీరు ఎంత కదిలినా అది గది గాలితోనే సర్దుకుంటుంది. బయటి గాలిలో కార్బన్ డయాక్సైడ్ పది లక్షల భాగాల్లో సుమారు 420 ఉంటుంది. తలుపులు బిగించుకుని నలుగురు పడుకున్న గదిలో వెయ్యి దాటడం మామూలే. అది నీటిలో కలిసి పీహెచ్‌ని దించుతుంది. పీహెచ్ ఎంతకీ 8 దాటడం లేదంటే పంపు పెంచకండి, కిటికీ తెరవండి.

నీటిలో మునిగి పనిచేసే పంపు తినే ప్రతి వాటూ చివరికి వేడిగా నీటిలోనే కలుస్తుంది. 50 వాట్ల అదనపు పంపు 200 లీటర్ల నీటిని గంటకి 0.2 డిగ్రీలు వేడెక్కించగలదు. హైదరాబాద్‌లో, విజయవాడలో మే నెలలో ఆ వేడిని మళ్లీ చిల్లరే తీసెయ్యాలి. తక్కువ వాట్లతో ఎక్కువ నీరు కదిలించే డీసీ వేవ్‌మేకర్‌కి కొంత ఎక్కువ ధర పెట్టినా వృథా కాదు.

కరెంటు పోతే?

ట్యాంకులో అన్నిటికన్నా ముందు చావు తెచ్చేది ఇదే. లైటు లేకపోయినా పగడం రెండు మూడు రోజులు ఉంటుంది. నీరు ఆగిపోతే, ఎండాకాలంలో, చేపలు ఎక్కువగా ఉన్న ట్యాంకులో కొన్ని గంటల్లోనే ఆక్సిజన్ తగ్గి చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తాయి. లైట్లని, చిల్లర్‌ని ఇన్వర్టర్ మీద నడపడం కష్టం. కానీ రెండు చిన్న వేవ్‌మేకర్లు కలిపి 15, 20 వాట్లు మించవు. మామూలు సీలింగ్ ఫ్యాను తినేదానిలో నాలుగో వంతు. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే ఒక్క వేవ్‌మేకర్ ప్లగ్గైనా దానికి కలిపించండి. ఇన్వర్టర్ లేకపోతే పవర్ బ్యాంకుతో నడిచే చిన్న యూఎస్‌బీ ఎయిర్ పంపు ఒకటి కొని ట్యాంకు కింద ఉంచండి, పవర్ బ్యాంకు ఎప్పుడూ నింపి పెట్టుకోండి. కరెంటు లేనంతసేపూ చేపలకి మేత వెయ్యకండి.

రిటర్న్ పంపు ఆగగానే పైపులోంచి నీరు వెనక్కి సంప్‌లోకి జారుతుంది. అది పొంగకుండా సంప్‌లో ముందే ఖాళీ వదలాలి. కొత్తగా అమర్చినప్పుడే ఓసారి స్విచ్ ఆపి, నీరు ఎక్కడిదాకా వచ్చి ఆగుతుందో చూసుకోండి. ఉప్పునీరూ కరెంటూ కలిసేచోట ఎర్తింగ్, కరెంటు లీకైతే సరఫరా ఆపేసే ఆర్‌సీసీబీ లేకుండా ట్యాంకు నడపకూడదు. ప్రతి వైరూ ప్లగ్గు కన్నా కిందకి వేలాడి తర్వాత పైకి వెళ్లాలి, జారిన నీటిచుక్క అక్కడే నేల మీద పడిపోతుంది, ప్లగ్గులోకి పోదు.

ఒకసారి సరిచేస్తే చాలా?

చాలదు. నీటిలోని కాల్షియం పంపు ప్రొపెల్లర్ మీద, అయస్కాంతం చుట్టూ గట్టి పొరగా కడుతుంది, ఊదారంగు శైవలాలు పైన పట్టుకుంటాయి. జోరు రోజుకి కాస్త చొప్పున తగ్గుతుంది కాబట్టి కంటికి తెలియదు. రెండు మూడు నెలలకోసారి పంపు విప్పి, వేడి చేయని నీళ్లలో నిమ్మ ఉప్పు గానీ వెనిగర్ గానీ కలిపి గంటసేపు నడిపితే పొర వదిలిపోతుంది. మంచినీటితో కడిగి మళ్లీ పెట్టేయడమే.

అవతల పగడాలూ పెరుగుతుంటాయి. మొదట్లో నీరు ధారాళంగా పోయిన సందులన్నీ ఏడాది తిరిగేసరికి మూసుకుపోతాయి. పెద్దదైన లెదర్ కోరల్ తన వెనక ఉన్న జోయాంథిడ్లకి నీరు అందకుండా అడ్డుపడుతుంది. ఆర్నెల్లకోసారి సిరంజి, టేపు ముక్కలు మళ్లీ బయటికి తీయండి. వేగం తగ్గిందంటే ముందు పంపు కడగండి. కడిగినా పెరగకపోతే అడ్డుపడే పగడంలో ఒక ముక్క పదునైన బ్లేడుతో కోసి, చిన్న రాయికి కట్టి, నీరు బాగా తిరిగేచోట పెట్టండి. కోసిన చోట గాయం మానేదాకా ఒకటి రెండు వారాలు అక్కడ జోరు తగ్గనివ్వకండి. నీరు నిదానిస్తే గాయం మీద మడ్డి చేరి కుళ్లుతుంది.